కొండల్ రావు నోరు విప్పిన రోజు

పోయిన వారం మనం పద్మజను సలమాంకా విశ్వవిద్యాలయం గుమ్మం ముందు, ఎండలో, పళ్ళు నూరుకుంటూ ఉండగా వదిలేసి వచ్చాం. మనకు వారం గడిచింది కానీ ఆమెకు గడిచింది రెండు గంటలే. కాబట్టి ఆ కోపం ఇంకా వేడివేడిగానే ఉంది.

ఈ వారమే పత్రిక చేతికొచ్చిన వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. పద్మజ, కొండల్ రావు దంపతులది మిషిగన్‌లోని ట్రాయ్. ఆయన కార్లకు సీట్లు డిజైన్ చేసే ఇంజనీరు. ఆమె డేటా అనలిస్టు. గ్రీన్‌కార్డు రాక రాక వచ్చింది. ఒక్కగానొక్క కూతురు అంకిత కాలేజీ హాస్టల్‌కు వెళ్ళిపోయింది. ఎప్పుడు సెలవు దొరికినా ఇండియాకే పరిగెత్తే అమ్మానాన్నలను ఈసారైనా సరదాగా ఎక్కడికైనా పంపాలని ఆ పిల్లే పట్టుబట్టి, స్పెయిన్‌లోని ఈ పాత చదువుల ఊరికి మూడు రోజుల ట్రిప్ బుక్ చేయించింది. అలా ఇద్దరూ ఒక బుల్లి ఎలక్ట్రిక్ కుక్కరు, రెండు సీసాల ఆవకాయ, సాంస్కృతిక యాత్రకు కావలసిన తక్కిన సరంజామాతో బయలుదేరి వచ్చారు.

కూతురికి తెలియనిదీ, మొగుడికి చెప్పనిదీ ఒకటుంది. పద్మజకు బెంటన్‌విల్‌లో ఉద్యోగం వచ్చింది. పెద్ద రిటైల్ కంపెనీ హెడ్డాఫీసులో మంచి హోదా, ఊరు మాత్రం చాలా దూరం, వేరే రాష్ట్రం. సోమవారంలోగా అవునో కాదో చెప్పాలి. వెళితే ఒక్కతే వెళ్ళాలి. దాన్ని విడిపోవడం అని ఆమె తన మనసులో కూడా అనుకోలేదు. వేరే ఊళ్ళో ఉద్యోగం అనుకుంది, అలా అనుకుంటే కాస్త తేలిగ్గా ఉంటుంది కాబట్టి. కొండల్ రావు చెడ్డవాడు కాడు. తాగడు, అరవడు, గిన్నెలు తోముతాడు. కానీ మాట్లాడడు. అంకిత ఉన్నన్నాళ్ళూ ఇల్లు ఆ పిల్ల గొంతుతో నిండి ఉండేది, ఈ లోటు పైకి కనబడలేదు. ఇప్పుడు సాయంత్రాలు ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ వినబడడం లేదు. ఈ మూడు రోజుల్లో ఆయన తనతో మనిషిలా మాట్లాడితే ట్రాయ్‌లోనే ఉండిపోవాలని, లేకపోతే బెంటన్‌విల్ వెళ్ళిపోవాలని పద్మజ లోలోపల పందెం వేసుకుంది.

ఆ పందెం ఈ పొద్దున దాదాపు ఓడిపోయింది. విశ్వవిద్యాలయం ముఖద్వారం మీద వేల శిల్పాల మధ్య ఎక్కడో పుర్రె మీద కూర్చున్న చిన్న కప్ప ఉంటుంది. దాన్ని ఎవరి సాయమూ లేకుండా పట్టుకున్నవాళ్ళు పరీక్ష పాసవుతారని అక్కడి విద్యార్థుల నమ్మకం. పద్మజ మెడ నొప్పి పుట్టేదాకా వెతికింది. కొండల్ రావు వచ్చాడు, పైకి చూశాడు, వేలు చూపించి “అదిగో” అన్నాడు. అంతే. ఎలా కనిపెట్టారని అడిగితే భుజాలు ఎగరేశాడు, ఏం ఆలోచిస్తున్నారని అడిగితే ఏం లేదన్నాడు. ఇక లాభం లేదు, ఈ సాయంత్రమే బెంటన్‌విల్ సంగతి చెప్పేస్తానని ఆమె అక్కడే ఒట్టు పెట్టుకుంది. మనం బయటికి వచ్చేసింది సరిగ్గా అప్పుడు.

మధ్యాహ్నం పాత చర్చి చూడడానికి గైడ్ టూర్ ఉంది. పద్మజే ఆన్‌లైన్‌లో ఇంగ్లిష్ టూర్ బుక్ చేసింది. తీరా అక్కడికి వెళితే, మీ టూర్ ఈ రోజు కాదమ్మా, వచ్చే నెల అన్నారు. మే ఆరు అనుకుని ఆమె 5/6 కొట్టింది. స్పెయిన్ వాళ్ళు దాన్ని జూన్ అయిదు అని చదువుకున్నారు. తెనాలిలో పుట్టి పెరిగి, చిన్నప్పటి నుంచి తేదీ ముందూ నెల తర్వాతా రాసిన మనిషి, అమెరికా వెళ్ళాక ఆ అలవాటు ఎప్పుడు వదిలేసిందో ఆమెకే తెలియదు. ఎక్సెల్ షీట్‌లో రంగులు వేసి మరీ తయారుచేసిన ప్లాన్ అది. తల కొట్టేసినట్టయింది.

ఈ పూట ఇంగ్లిష్ టూర్ లేదు. సమోరా అనే పక్క ఊరి నుంచి బస్సులో వచ్చిన రిటైరైన వాళ్ళ గుంపుతో స్పానిష్ టూర్ బయలుదేరబోతోంది. కావాలంటే వాళ్ళతో కలవండి అని గైడు సైగ చేసింది. ఆ అమ్మాయి పేరు లూసియా. పద్మజ మొగుడి వంక చూసింది. ఆయన అప్పటికే వెళ్ళి గుంపులో నిలబడ్డాడు. సరే, అర్థమైతే ఎంత కాకపోతే ఎంత, ఇంట్లో మాత్రం ఏం అర్థమవుతోంది అనుకుని ఆమె వెనకాలే నడిచింది.

చర్చి లోపల, చుట్టూ వరండా ఉన్న పాత మండపంలో ఒక గది దగ్గర గుంపు ఆగింది. లూసియా చెప్పేది పద్మజకు ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ ఆ గది కథ విమానంలో గైడ్‌బుక్‌లో చదివింది. పూర్వం డాక్టరేట్ పట్టా కోసం వచ్చినవాడు పరీక్షకు ముందు ఈ గదిలో ఒంటరిగా, ఒక బిషప్పు సమాధికి పాదాలు ఆనించి కూర్చుని చదువుకోవాలట. తెల్లవారాక పండితులు వచ్చి ప్రశ్నలతో చీల్చి చెండాడతారట. పాసైతే ముందు గుమ్మం గుండా మేళతాళాలతో ఊరేగింపు. ఫెయిలైతే బండ్లు వచ్చే పక్క తలుపు గుండా, ఎవరి కంటా పడకుండా ఇంటికి.

కథ చెప్పడం అయ్యాక లూసియా వరండాలో ఒక మడత కుర్చీ వేసింది. గుంపు వంక తిరిగి ఏదో అడిగింది. అందరూ నవ్వుతూ వెనక్కి తగ్గారు. ఒక చెయ్యి మాత్రం పైకి లేచింది. ఆ చేతికి ఉన్న గడియారాన్ని పద్మజ ఎక్కడున్నా గుర్తు పడుతుంది, పదిహేనో పెళ్ళి రోజుకు తనే కొన్నది.

కాళ్ళు నొప్పి పుట్టిన వాళ్ళకు కుర్చీ వేశారనుకుని చెయ్యెత్తాడేమో అని ఆమె కంగారు పడింది. అది అందుకు కాదండీ అని గుసగుసగా హెచ్చరించింది కూడా. ఉగాదికి తెలుగు అసోసియేషన్ స్టేజీ మీదికి ఎవరు ఎంత లాగినా ఎక్కని మనిషి, హాల్లో కుర్చీలు సర్దుతూ వెనకాలే ఉండిపోయే మనిషి, ఆమె వైపు చూసి ఒక నవ్వు నవ్వి, ఇరవై మంది ముక్కూ మొహం తెలియని జనం మధ్య వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

తర్వాత జరిగింది పద్మజ చాలాకాలం తన స్నేహితురాళ్ళకు చెబుతూ వచ్చింది, ఒక్కోసారి ఒక్కోలా. ఆ పాత పరీక్షనే ఆటగా ఆడుతున్నట్టు ముసలాళ్ళు పండితుల్లా చేతులు కట్టుకుని చుట్టూ నిలబడ్డారు. ఊదా రంగు స్వెటర్ వేసుకున్న ఒక మామ్మగారు మొదటి ప్రశ్న వేసింది. కొండల్ రావు జవాబు చెప్పాడు. స్పానిష్‌లో. ఒక ముక్క కాదు, రెండు ముక్కలు కాదు, గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. చేతులు ఊపుతూ చెప్పాడు. కుర్చీలోంచి లేచి, దాన్ని తిరగేసి, కాళ్ళు తట్టి చూపించి మళ్ళీ కూర్చుని చెప్పాడు. ముసలాళ్ళు కడుపుబ్బ నవ్వారు. ఒకాయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకో ప్రశ్న, ఇంకో జవాబు, ఇంకో నవ్వుల హోరు. లూసియా తన టూర్ టైమ్ సంగతే మరచిపోయి నేల మీద చతికిలబడింది.

పద్మజ నోరు వెళ్ళబెట్టుకుని చూసింది. అక్కడ నవ్వనిది తనొక్కతే. మొదట ఆశ్చర్యం వేసింది, ఆ తర్వాత గర్వం. గర్వం తర్వాత వచ్చింది మాత్రం అసూయే, దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు. ఈ కనుబొమలు ఎగరేసే మనిషెవరు? ఇన్ని మాటలు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచాడు? తన ఇంట్లో దొరకని సరుకు ఊరుగాని ఊళ్ళో ఇలా పంచిపెడుతుంటే ఏ ఇల్లాలికైనా ఒళ్ళు మండదా?

ఆమె మొహం చూసి పక్కనున్న ఆవిడ జాలిపడింది. పేరు మారిసోల్, రిటైరైన ఇంగ్లిష్ టీచరు. జరిగిందంతా చెవిలో చెప్పుకుంటూ వచ్చింది. మీ వారు కార్ల సీట్లు తయారు చేస్తారట కదా. ఇలాంటి కుర్చీలో రాత్రంతా కూర్చోబెడితే నడుం పట్టేసి ఎంత పండితుడైనా ఫెయిలవుతాడు, తప్పు కుర్రవాళ్ళది కాదు కుర్చీది, అయిదు వందల ఏళ్ళ ఫలితాలు మళ్ళీ దిద్దాలి అంటున్నారు అంది. మిషిగన్‌లో చలి ఎంత అని అడిగితే, మా ఆవిడ ఆవకాయ లేకపోతే ఎప్పుడో గడ్డకట్టి పోయేవాణ్ణి అన్నారు అంది. పద్మజ ఉలిక్కిపడింది. ఆవకాయ బాగుందని ఆయన ఒక్కసారైనా తనతో అనలేదు.

చివరి ప్రశ్న ఊదా స్వెటర్ మామ్మగారిదే. ఇంతవరకూ నువ్వు జవాబు చెప్పలేకపోయిన ప్రశ్న ఏదైనా ఉందా అని అడిగిందట. కొండల్ రావు మొదటిసారి తడుముకున్నాడు. తలొంచుకుని ఏదో నెమ్మదిగా చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ముసలావిడలందరూ ఒక్కసారి పద్మజ వైపు తిరిగారు.

“ఏమన్నారు?” అని పద్మజ అడిగింది.

మారిసోల్ ఆమె చెయ్యి పట్టుకుని, ఇంగ్లిష్‌లో మెల్లగా చెప్పింది. “రోజూ మా ఆవిడ ఏం ఆలోచిస్తున్నారని అడుగుతుంది. దానికి జవాబు ఇంతవరకూ చెప్పలేకపోయాను అన్నారు.”

పండితులు కాసేపు తర్జనభర్జన పడ్డారు. మగవాళ్ళు పాస్ అన్నారు. ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. పెళ్ళానికి జవాబు చెప్పి వస్తే తప్ప పట్టా ఇవ్వం, అంతవరకూ ఫలితం ఆపేశాం అని మామ్మగారు తీర్పు చెప్పేసి, పద్మజను రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకుంది. పాసైనవాళ్ళ గుమ్మమా, ఫెయిలైనవాళ్ళ తలుపా అనే పేచీ మాత్రం రాలేదు. ఈ రోజుల్లో అందరూ గిఫ్ట్ షాప్ గుండానే బయటికి రావాలి.

ఊరి నడిమధ్య చౌకు దాకా ఇద్దరూ మాట్లాడకుండా నడిచారు. ఈసారి మాట్లాడనిది పద్మజ. నాలుగు వైపులా బంగారు రంగు రాతి మేడలు, మధ్యలో కుర్చీలూ బల్లలూ, పిల్లలూ కుక్కలూ. సాయంత్రపు ఎండ పడి రాళ్ళన్నీ పసుపు రాసినట్టున్నాయి. ఒక బల్ల దగ్గర కూర్చున్నాక కొండల్ రావు కాఫీ, పొడుగు జంతికల్లా ఉండే చుర్రోలు చెప్పాడు. వెయిటర్‌తో రెండు మాటలు ఎక్కువే మాట్లాడాడు. వెయిటర్ నవ్వుతూ వెళ్ళాడు. దాంతో పద్మజ ఇక ఆగలేకపోయింది.

స్పానిష్ ఎప్పుడు నేర్చుకున్నారని నిలదీసింది. మెక్సికో ప్లాంటు వాళ్ళతో రోజూ పొద్దున కాల్స్ ఉంటాయి కదా, ముందు విన్నాను, తర్వాత కార్‌లో పాఠాలు పెట్టుకున్నాను, వాళ్ళు ట్రాయ్ వచ్చినప్పుడు లంచ్‌లో వాళ్ళతోనే కూర్చునేవాణ్ణి, ఎనిమిదేళ్ళయింది అన్నాడు. నాకెందుకు చెప్పలేదని అడిగితే, నువ్వు అడగలేదు కదా అన్నాడు. ఆ మాటకు కప్పు కాఫీ ఆయన నెత్తి మీద పోసినా తప్పు లేదు కానీ, అది ఇంకా రాలేదు.

“ముక్కూ మొహం తెలియని ముసలాళ్ళకు అన్ని కబుర్లు చెప్పారే, నాకు ఒక్కటంటే ఒక్కటి చెప్పలేకపోయారా?” అంది పద్మజ. గొంతు తను అనుకున్నదాని కంటే పెద్దగా వచ్చింది. “పెళ్ళికి ముందు ఫోన్లో ఎంత మాట్లాడేవారు. అప్పుడు ఫోన్ కార్డు కొనుక్కుని మరీ మాట్లాడేవారు. పెళ్ళయ్యాక ఫ్రీగా దొరికానని మాట్లాడడం మానేశారా?”

అంతలో కాఫీ వచ్చింది. కొండల్ రావు చాలాసేపు దాన్ని చెంచాతో కలిపాడు. చక్కెర వేసుకోని కాఫీ అది.

“పెళ్ళయిన మూడో రోజు తెనాలిలో మీ ఇంట్లో భోజనాలు,” అన్నాడు చివరికి. “నేను సల్ల కావాలన్నాను. మీ బాబాయి పిల్లలు నవ్వారు. మజ్జిగ అనాలి బావగారూ అన్నారు. ఆ రోజంతా ఇల్లంతా తిరిగి సల్ల బావగారు, సల్ల బావగారు అని పిలిచారు. మీ పెద్దవాళ్ళు కూడా నవ్వారు. ఎవరూ చెడ్డ మనసుతో అనలేదు, నాకు తెలుసు.”

పద్మజకు ఆ రోజు గుర్తుంది. పెళ్ళిలో అన్నిటికంటే సరదాగా గడిచిన రోజని ఇప్పటికీ చెబుతూ ఉంటుంది.

“అప్పటి నుంచి మీ వాళ్ళ ముందు, తర్వాత నీ ముందు, ఏదైనా అనాలంటే ముందు లోపల మీ తెలుగులోకి మార్చుకుంటాను. మాది జగిత్యాల తెలుగు. మార్చుకుని, సరిచూసుకుని బయటికి తెచ్చేసరికి నువ్వు వేరే విషయంలోకి వెళ్ళిపోతావు. అప్పుడిక ఏం లేదు అంటాను. ఇంగ్లిష్‌కూ అంతే, ఆఫీసులో. స్పానిష్‌లో నాకు మార్చుకునే పని లేదు. తప్పు మాట్లాడితే వాళ్ళూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఎవరి తెలుగు గొప్పదనే గొడవ లేదు.”

ఇంత పొడుగు మాట ఆయన నోట పెళ్ళయిన తర్వాత పద్మజ వినలేదు. అది కూడా ఎంత జాగ్రత్తగా, ఎంత శుభ్రంగా, అచ్చు తెనాలి వాడిలా చెప్పాడో ఇప్పుడు తెలిసింది. ప్రతి ఆదివారం గరాజ్‌లో తలుపేసుకుని జగిత్యాలలోని అక్కతో ఫోన్లో మాట్లాడేటప్పుడు ఆ గొంతు ఎందుకంత గలగలలాడుతుందో కూడా తెలిసింది. తన నుంచి తప్పించుకోవడానికి గరాజ్‌లోకి పోతాడని ఇన్నాళ్ళూ అనుకుంది. ఆయన పోయింది తన సొంత మాటల దగ్గరికి. ఇన్నేళ్ళ నుంచీ ఇంట్లో ఒక మనిషి తన కోసం ప్రతి మాటనూ తర్జుమా చేసుకుంటూ ఉంటే, తను దాన్ని పట్టించుకోకపోవడం అనుకుంది. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే సంతోషం కూడా వేసింది. మనిషి లేకపోలేదు, ఉన్నాడు. పక్కనే, అడుగు దూరంలో, ఇన్నాళ్ళూ ఉన్నాడు.

సంతోషం వెనకే భయం వచ్చింది. ఈయన ఇంత చెప్పాక తను దాచుకుని కూర్చోవడం అన్యాయం. పొద్దున కోపంతో పెట్టుకున్న ఒట్టు ఇప్పుడు ప్రేమతో తీర్చాల్సి వచ్చింది, అదే కష్టమైంది.

“నాకు బెంటన్‌విల్‌లో ఆఫర్ వచ్చిందండీ,” అంది పద్మజ, గబగబా, బల్ల వంక చూస్తూ. “సోమవారం లోపల యాక్సెప్ట్ చేయాలి. మీకు చెప్పకుండా ఇంటర్వ్యూలన్నీ అయిపోయాయి. ఒక్కదాన్నే వెళ్ళిపోదామనుకున్నాను. ఆ ఇంట్లో ఆ నిశ్శబ్దంలో ఉండలేక.”

చెప్పేసింది. ఇక చౌకులో ఎంత సందడి ఉన్నా ఆమెకు వినబడలేదు. కొండల్ రావు మొహంలోకి చూసే ధైర్యం లేక ముందు కాఫీ కప్పు చూసింది, తర్వాత పావురాలను చూసింది. అదే పాత మౌనం, ట్రాయ్ నుంచి కుక్కరుతో పాటు మోసుకొచ్చింది, మళ్ళీ వచ్చి బల్ల దగ్గర కూర్చున్నట్టయింది. అయిపోయింది, దొరికిన మనిషిని దొరికిన చోటే పోగొట్టుకున్నాననుకుంది. చేతిసంచీ తీసుకుని, అలా నడిచి వద్దాం పదండి అంటూ లేచింది. నడవడానికి కాదు, ఆ మౌనం ముందు కూర్చోలేక.

కొండల్ రావు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆమె తలెత్తి చూసింది. ఆయన కోపంగా లేడు. ఇందాక మడత కుర్చీలో కూర్చున్నప్పుడు ఉన్న మొహమే, అదే చిలిపితనం, కాకపోతే కళ్ళు కాస్త తడిగా ఉన్నాయి. పెదవి విప్పబోయి, అలవాటు ప్రకారం ఒక్క క్షణం ఆగాడు. లోపల ఏదో మార్చుకోబోతున్నాడని పద్మజకు అర్థమైంది. మార్చుకోవద్దన్నట్టు ఆమె తల అడ్డంగా ఊపింది.

ఆయన మార్చుకోలేదు.

“కూసో పద్మా,” అన్నాడు. “జర పెద్ద ముచ్చటుంది.”

పద్మజ కూర్చుంది.

“పోయిన నెల బెంటన్‌విల్‌కు నేను పోయొచ్చిన.”

(సశేషం)